ట్రాక్టర్‌తో మొదలుపెట్టు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్ష కోసం నువ్వు బట్టీ పడుతున్న పదాల జాబితా మీ అమ్మ ఫోన్‌లో చూపించింది. అంతా అక్షర క్రమంలో ఉంది. 'ఎ' దాటకముందే విసుగొచ్చిందంటే రాదూ మరి! ఆ క్రమం వెతుక్కోవడానికి పనికొస్తుంది గానీ గుర్తుండటానికి కాదు. ఆ ఇంగ్లీషు మాటల్ని లాటిన్ ధాతువుల వారీగా, అంటే అవి పుట్టిన మూల రూపాల వారీగా రాసుకో తల్లీ. అదీ నీకు బాగా తెలిసిన మాటతో మొదలుపెట్టి.

ట్రాక్టర్ తీసుకో. లాటిన్‌లో 'ట్రాక్ట్' అంటే లాగడం. ట్రాక్టర్ అంటే లాగేది. దాని చుట్టాలందరినీ ఒకే పేజీలో కూర్చోబెట్టు. బయటకు లాగితే ఎక్స్‌ట్రాక్ట్. పన్ను పీకడాన్ని డెంటిస్టు ఎక్స్‌ట్రాక్షన్ అనే అంటాడు. తనవైపు లాక్కుంటే అట్రాక్ట్, ధ్యాసను పక్కకు లాగితే డిస్ట్రాక్ట్, అన్న మాట వెనక్కి తీసుకుంటే రిట్రాక్ట్. ఇవి చాలావరకు నీకు వచ్చినవే. ఇప్పుడు నువ్వు ఎర్రగీత గీసుకున్న 'ప్రొట్రాక్టెడ్' చూడు. 'ప్రో' అంటే ముందుకు. ముందుకు లాగి లాగి సాగదీసిందన్నమాట. ఏళ్ల తరబడి నడిచే పొలం తగాదా కేసు ఉంటుందే, అది. కాంట్రాక్ట్ దగ్గర మాత్రం కాస్త ఆగు. 'కాన్' అంటే కలిపి. కండరం దగ్గరికి లాక్కుంటే ముడుచుకోవడం, ఇద్దరు మనుషులు దగ్గరికొస్తే ఒప్పందం. బట్టీ పట్టేవాడికి ఇవి రెండు వేర్వేరు అర్థాలు, నీకు ఒకటే.

ఇది మనకు కొత్త విద్యేం కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం: ధాతువు ఒక్కటే, ముందున్న ఉపసర్గ మారింది. అక్కడిలాగే ఇక్కడా సంధి ఉంది. జగత్తు పక్కన నాథుడు చేరితే జగన్నాథుడైనట్టు, 'కాదు' అని చెప్పే 'ఇన్' ఒకచోట ఇంపాజిబుల్, ఒకచోట ఇల్లీగల్, ఇంకోచోట ఇర్రెగ్యులర్ అవుతుంది. అట్రాక్ట్‌లో రెండు 'టీ'లు ఎందుకంటే, 'అడ్' చివరి 'డీ' పక్కనున్న 'టీ'లో కలిసిపోయింది. ఇది తెలిస్తే స్పెల్లింగ్ టెన్షన్ సగం పోతుంది.

ధాతువూ వేషం మారుస్తుంది. పట్టుకోవడం అనే ఒకే లాటిన్ క్రియ క్యాప్చర్‌లో 'క్యాప్'గా, అక్సెప్ట్‌లో 'సెప్ట్'గా, రిసీవ్‌లో 'సీవ్'గా కనిపిస్తుంది. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక చాలా మాటలు ఫ్రెంచివాళ్ల నోట నలిగి వచ్చాయి. అందుకని క్రియనూ నామవాచకాన్నీ జంటగా రాసుకో: రిసీవ్, రిసెప్షన్; డిసీవ్, డిసెప్షన్; డిస్క్రైబ్, డిస్క్రిప్షన్.

సంస్కృత పదాలు తెలిసిన తెలుగువాళ్లకు ఇంకో లాభం ఉంది. దంతం, డెంటల్; పాదం, పెడల్; మృత్యువు, మార్టల్. 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలన్నది ఇలాంటి పోలికలు చూసే. సప్త, అష్ట, నవ, దశ అనుకుంటూ సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా చదువు. రోమన్ల పాత సంవత్సరం మార్చితో మొదలయ్యేది, లెక్క సరిపోతుంది.

అలాగని ధాతువును గుడ్డిగా నమ్మకు. పెట్రోలు ట్యాంకర్ వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. అక్కడ 'ఇన్' అంటే కాదు అనుకుని అగ్గిపుల్ల గీసేవు! ఆ 'ఇన్' వేరు, నిప్పు అంటించడమనే క్రియలో భాగం. పెడెస్ట్రియన్‌లో ఉన్నది లాటిన్ పాదం, పీడియాట్రిషన్‌లో ఉన్నది గ్రీకు పిల్లవాడు. 'నైస్' అయితే తెలియనివాడు అనే లాటిన్ మాట నుంచి వచ్చి, ఒకప్పుడు ఇంగ్లీషులో తెలివితక్కువవాడనే అర్థంలో వాడారు. ధాతువు చూసి ఊహించు, వాక్యంలో పెట్టి సరిచూసుకో, అప్పటికీ అనుమానముంటే డిక్షనరీ తియ్యి. 2011లో పరీక్ష మార్చినప్పుడు వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు మాటల్ని ఎక్కువగా వాక్యంలోని ఖాళీలు పూరించడంలోనే పరీక్షిస్తారు కాబట్టి వాక్యం చదవడం రాకపోతే ఎన్ని మాటలు తెలిసినా మార్కులు రావు. ప్రతి మాటకూ నీ సొంత వాక్యం ఒకటి రాయి, పుస్తకంలోది ఎక్కించకు.

రోజుకొక ధాతువు చాలు. రేపటికి 'స్పెక్ట్' తీసుకో, చూడటం అని అర్థం. ఇన్‌స్పెక్టర్ ఎలాగూ తెలుసు. సర్కమ్‌స్పెక్ట్ అంటే ఏమిటో డిక్షనరీ చూడకుండా ఊహించి, ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు.

మీ మామయ్య