ప్రజారోగ్య విధానంలో డిగ్రీ: దాచిన సొమ్మంతా మొదటి మెట్టుకే పెట్టవద్దు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో ప్రజారోగ్య విధానం చదువుతానంటోంది. ఆమె కోసం దాచిన సొమ్ము మొత్తం ఖర్చులో సగానికే సరిపోతుంది. మిగతా సగానికి విద్యా రుణం తీసుకోవాలా, మా పదవీ విరమణ నిధిలో నుంచి తీయాలా? అసలు ఈ చదువుతో తగిన ఆదాయం వస్తుందా?

జవాబు: మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం మూడోదాని మీద ఆధారపడి ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా ప్రబలినప్పుడు, ఏ ఇంట్లో ఎందరు చనిపోయారో లెక్క తీసి, బ్రాడ్ స్ట్రీట్‌లోని నీటి పంపే దానికి మూలమని వైద్యుడు జాన్ స్నో చూపించారు. అయినా ఆ పంపు పిడిని తీయించే అధికారం స్థానిక పాలక మండలికే ఉండేది. ఈ రంగంలో పని ఇప్పటికీ అలాంటిదే. ఆధారాలు సేకరించి, ఖర్చును, ఫలితాన్ని బేరీజు వేసి, ప్రజాధనం ఖర్చు చేసేవారిని ఒప్పించాలి. ఇక్కడ ఫీజు చెల్లించే రోగి ఉండడు కనుక జీతాలు ప్రభుత్వ బడ్జెట్ల నుంచో, స్వచ్ఛంద సంస్థలకు అందే గ్రాంట్ల నుంచో వస్తాయి. అందువల్ల తొలి సంవత్సరాల్లో ఆదాయం ఒక మోస్తరుగానే ఉంటుంది. గ్రాంటు మీద నడిచే ప్రాజెక్టు ఉద్యోగమైతే, ఆ గ్రాంటు ముగియగానే అదీ ముగిసిపోవచ్చు.

ఇంకో సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. డిగ్రీతో క్షేత్రస్థాయి సమన్వయం, ఆరోగ్య ప్రచారం, సమాచార సేకరణ వంటి ఉద్యోగాలు దొరుకుతాయి కానీ, విధానాలను విశ్లేషించి రూపొందించే ఉద్యోగాలకు చాలాచోట్ల పీజీ అడుగుతారు. కాబట్టి మీరు లెక్క వేయవలసింది రెండు చదువుల ఖర్చు. మీ దగ్గరున్నదంతా డిగ్రీకే వెచ్చించి, పీజీ నాటికి చేతిలో ఏమీ లేక పూర్తిగా అప్పు మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోవద్దన్నదే నా ప్రధాన సలహా. దానికి తేలికైన మార్గం, ఫీజు తక్కువగా ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేయించి, మిగిలిన సొమ్మును పీజీకి అట్టిపెట్టడం.

అయినా రుణం తప్పదనుకుంటే వడ్డీ ఎలా పెరుగుతుందో చూడండి. ఏటా 10 శాతం చక్రవడ్డీ మీద తీసుకున్న 100, చదువుకునే కాలంలో ఏమీ కట్టకపోతే మూడేళ్లకు 133, అయిదేళ్లకు 161 అవుతుంది. అదే ఏ ఏటి వడ్డీ ఆ ఏడే కట్టుకుంటూ పోతే, అమ్మాయి ఉద్యోగంలో చేరేనాటికి బాకీ 100 దగ్గరే ఉంటుంది. ఆ వడ్డీ మాత్రం మీ నెలవారీ ఆదాయంలో నుంచి కట్టగలిగితే మొత్తం భారంలో పెద్ద భాగం తగ్గినట్టే. నెల వాయిదా ఆమెకు రాగల తొలి జీతంలో ఆరో వంతు దాటకుండా రుణం పరిమితం చేసుకోండి. ఒక ప్రాజెక్టు ముగిసి ఇంకోటి దొరికే లోపు వాయిదాలు ఆగకుండా, ఉద్యోగంలో చేరాక ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిధిని ఆమె ముందుగా కూడబెట్టుకోవాలి.

పదవీ విరమణ నిధిని మాత్రం ముట్టుకోవద్దు. చదువుకు రుణం దొరుకుతుంది, వృద్ధాప్యానికి దొరకదు. పైగా ఆ నిధి తరిగిపోతే రేపు మీ పోషణ భారం కూడా అమ్మాయి మీదే పడుతుంది.

ఈ చదువు వద్దని నేను అనను. 1980లో మశూచి నిర్మూలన ప్రకటన దాకా ప్రపంచం చేరడానికి టీకాతో పాటు, ప్రతి కేసునూ వెతికి, రోగి చుట్టుపక్కల వారికి వెంటనే టీకాలు వేసిన పద్ధతి కూడా కారణం. అలాంటి పని నేర్చుకోవాలనుకునే పిల్లలను ఆపకూడదు. అయితే కోర్సు పాఠ్యప్రణాళికను తప్పక తెప్పించుకుని చదవండి. గణాంకశాస్త్రం, వ్యాధుల వ్యాప్తి అధ్యయనం, ఆరోగ్య అర్థశాస్త్రం, క్షేత్ర శిక్షణ అందులో గట్టిగా ఉంటే, ఆ నైపుణ్యాలతో బీమా సంస్థల్లోనూ, ఆస్పత్రుల నిర్వహణలోనూ, సమాచార విశ్లేషణలోనూ అవకాశాలు వెతుక్కోవచ్చు. అవి నామమాత్రంగా ఉన్న కోర్సుకు అప్పు చేయడం నాకు సమ్మతం కాదు.

రుణ పత్రాల మీద సంతకం చేసే ముందు బ్యాంకును రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: చదువుకునే కాలంలో వేసేది సాధారణ వడ్డీయా, చక్రవడ్డీయా, గడువుకు ముందే తీర్చేస్తే రుసుము ఏమైనా ఉంటుందా.