సంతలో స్టాలు సరే, బంగారం జోలికి వద్దు

ప్రశ్న: మాది అనంతపురం. నిమ్మలకుంట నుంచి శుద్ధి చేసిన మేకతోలు తెచ్చుకుని లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు, బుక్‌మార్కులు చేస్తుంటాను. ఊళ్లో రెండు రోజుల హస్తకళల సంత పెడుతున్నారు. స్టాలుకు 8,000 అద్దె, లేదా 3,000తోపాటు అమ్మకాల్లో 15 శాతం కమీషన్ అడుగుతున్నారు. చేతిలో 40,000 నగదు, అమ్మకం ధరలో 45,000 సరుకు ఉన్నాయి. వెయ్యికి అమ్మితే తోలు, రంగులు, ఫ్రేములు పోను 600 మిగులుతుంది. బంగారం కుదువబెట్టి లక్ష తెచ్చి సరుకు పెంచుదామంటారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: స్టాలు తీసుకోండి, బంగారం ఇంట్లోనే ఉంచండి.

ముందు ఆ 600 సంగతి. అందులో మీ కూలి, సాయం చేసేవాళ్ల కూలి లేవు. వెయ్యికి 200 కూలి తీస్తే అసలు మిగులు 400. చేతిపని చేసేవాళ్లలో చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. అద్దె కాక రవాణా 1,600, ప్యాకింగ్ 1,200, టేబుళ్లు, కరెంటు పాయింటు 1,000, తిండి, సహాయకురాలి బత్తెం 1,200 వేసుకోండి. మొత్తం 5,000.

పూర్తి అద్దె కడితే ఖర్చు 13,000. అది రాబట్టడానికి 32,500 అమ్మాలి. కమీషన్ పద్ధతిలో ఖర్చు 8,000, వెయ్యికి మిగులు 250. కాబట్టి 32,000 అమ్మాలి. గిట్టుబాటు దగ్గర రెండూ ఇంచుమించు ఒకటే. తేడా అటూ ఇటూ అయినప్పుడే తెలుస్తుంది. 20,000 మాత్రమే అమ్మితే మొదటి దాంట్లో నష్టం 5,000, రెండో దాంట్లో 3,000. 50,000 అమ్మితే లాభం 7,000, 4,500. తొలిసారి కాబట్టి కమీషన్ పద్ధతే మేలు. అయితే డబ్బు నిర్వాహకుల క్యూఆర్ కోడ్‌లోకే పోతుందంటే ఒప్పుకోకండి. మీ కోడే పెట్టండి, కమీషన్ ఏ రోజు కట్టాలో, సంత అయ్యాక వచ్చే ఆర్డర్లకూ వర్తిస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి.

సగటు బిల్లు 400 అనుకుంటే 32,000కు 80 బిల్లులు కావాలి. రోజుకు 11 గంటల చొప్పున గంటకు దాదాపు నాలుగు. షేడ్ వెలిగించి చూపించి బేరం ముగించేసరికే పావుగంట పడుతుంది, ఒక్కరివల్ల కాదు. అందుకే ఇంకో 15,000 సరుకు చాలు, అదీ 150 నుంచి 300 లోపు ధరవే చేయండి. దానికి కూలితో సహా 9,000, కమీషన్ పద్ధతిలో స్టాలుకు మిగతా ఖర్చులతో కలిపి 8,000. పోగా మీ దగ్గర 23,000 ఉంటుంది. ఇక లక్ష అప్పు ఎందుకు? నూటికి రూపాయి లెక్కన నెలకు వెయ్యి వడ్డీ. అమ్ముడుపోని షేడ్లు అటక మీద పదినెలలు కూర్చుంటే 10,000 పోయినట్టే.

షేడ్లలో ఎల్‌ఈడీ బల్బులే పెట్టండి. పాత వేడి బల్బులకు తోలు ముడుచుకుపోతుంది, కొనేవాళ్లకూ ఈ సంగతి ముందుగానే చెప్పండి. చెమ్మ తగిలినా వంకర పోతుంది. గోడ బొమ్మలను మధ్యలో కాగితం పెట్టి చదునుగా పేర్చి తీసుకెళ్లండి. ప్రత్యేక ఆర్డరుకు సగం అడ్వాన్సు లేనిదే కత్తెర పట్టకండి.

మన రాష్ట్రంలోనే సరుకు అమ్ముతూ ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బెంగళూరు సంతలకు వెళ్లాలనుకుంటే అది వేరే రాష్ట్రం, ఈ వెసులుబాటు వర్తించదు. ప్రభుత్వం జాబితాలో ప్రకటించిన హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది గానీ పాన్, సరుకు తరలింపుకు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లు తప్పనిసరి. మీ వస్తువులు ఆ జాబితాలోకి వస్తాయో లేదో స్టాలు బుక్ చేసే ముందే ట్యాక్స్ కన్సల్టెంట్‌తో చూపించుకోండి.