కంపెనీలు ఏది ముఖ్యమో ఎవర్ని అడిగి తేలుస్తయి? మిర్చి కళ్లం కాడ నేను చూసిన సంగతి

"మా ఊరి పక్క కంపెనీ తన రిపోర్టుల 'స్టేక్‌హోల్డర్లతోని మాట్లాడి ముఖ్యమైన అంశాలు గుర్తించినం' అని రాసింది, మా ఊర్లనైతే ఎవర్నీ అడగలే, అసలు ఎట్ల గుర్తిస్తరు?" అని అడిగిన్రు గదా. స్టేక్‌హోల్డర్లంటె కంపెనీ పనితోని లాభమో నష్టమో తాకేటోళ్లంత. అడుగుడైతే అడుగుతరండి. కాకపోతే అడగాల్సినోళ్లను అడగరు, అడగాల్సిన నెలల అడగరు. నాకు దీని మీద చానా కోపం ఉన్నది, అందుకే కొంచెం పొడుగైతది.

హన్మకొండల ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటె సోషల్ వర్క్ పీజీ, అయిపోయినంక కొంతకాలం హైదరాబాద్ కన్సల్టెన్సీ ఒకదానికి ఊర్లల్ల సర్వేలు చేసిన. వాళ్ల పద్ధతి ఏందంటే, ఊరికి రాకముందే ఆఫీసుల కూసొని అంశాల లిస్టు తయారు చేస్తరు. అదే వ్యాపారంల ఉన్న వేరే కంపెనీల రిపోర్టులు చూసి, రేటింగ్ ఇచ్చేటోళ్లు ఏం అడుగుతున్నరో చూసి, వాతావరణ మార్పు, నీళ్లు, కార్మికుల భద్రత, డేటా సెక్యూరిటీ ఇట్ల రాసుకుంట పోతరు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాక మార్కులెయ్యుమని ఇన్వెస్టర్లకు, బ్యాంకులకు, ఉద్యోగులకు, సప్లయర్లకు మెయిల్ పెడ్తరు. ఆఖరికి 'కమ్యూనిటీ' అని ఒక గడి ఉంటది, దాన్ని నింపనీకె మాలాంటోళ్లను ఊర్లకు తోలుతరు. మార్కులన్నీ కలిపి ఒక గ్రాఫ్ గీస్తరు, ఒక గీత మీద కంపెనీ వ్యాపారానికి ఎంత ముఖ్యం, ఇంకో గీత మీద బయటోళ్లకు ఎంత ముఖ్యం, పైన కుడి మూలకు పడ్డ చుక్కలే ప్రాధాన్య అంశాలు. ఎవరి మార్కుకు ఎంత వెయిటేజీ అన్నది కూడ ఆఫీసులనే తేలుతది. ఇంతకీ లిస్టులనే లేని బాధకు మార్కు ఎట్ల పడ్తది చెప్పున్రి?

ఒక్క సంగతి చెప్తా, దాంతోని మీకే అర్థమైతది. పరకాల దాటినంక భూపాలపల్లి దిక్కు ఒక కంపెనీకి క్వారీ, క్రషర్ ఉండె, పేరు ఎందుకు లెండి. మేము పోయింది మార్చిల, ఊరు ఊరంత మిర్చి ఏరుడుల ఉన్నది. కంపెనీల సీఎస్సార్, అంటె ఊర్ల సేవ పనులు, చూసుకునే ఆయననే సర్పంచ్ ఇంటి ముందట టెంట్ ఏయించి మనుషుల్ని పిలిపించిండు. వచ్చినోళ్లంత మొగోళ్లే, అండ్ల సగం మంది ఆ కంపెనీకే టిప్పర్లు తిప్పేటోళ్లు. ఫారాలు ఇచ్చుడే ఆలస్యం అన్నిటికీ ఐదు ఏసి ఇచ్చిన్రు. కంపెనీ పైసలతోని బతికెటోడు కంపెనీ మనిషి ముందట ఇంకేం రాస్తడు, వాళ్లను తప్పు పట్టలే. మా టీమ్ లీడ్ మేడం ఇగ అయిపోయింది పోదాం అన్నది. నాకు మనసొప్పలే, రోడ్డు పక్క కళ్లాల దిక్కు నడిచిన.

ఒకామె కాళ్లతోని మిర్చి తిరగేస్తున్నది, యాభై ఏండ్లుంటయేమో. "అక్కా, ఇక్కడ దుమ్ము సమస్య ఎంతుంటది, ఐదు మార్కులకు ఎన్నేస్తవ్?" అని అడిగిన. కాయితం ముట్టలే ఆమె. రోడ్డు అంచుకున్న కాయ ఒక దోసెడు, కళ్లం ఆవలి అంచు నుంచి ఒక దోసెడు తెచ్చి, భుజం మీది తెల్ల తువ్వాల పరిచి దాని మీద రెండిట్నీ రుద్దింది. ఆవలి కాయ రుద్దిన కాడ కొంచెం ఎర్రగ అయ్యింది. రోడ్డు పక్క కాయ రుద్దిన కాడ బూడిద రంగు చార, చేత్తోని తుడిస్తె పోలే, గరుకు గరుకుగ తాకుతున్నది. కాయ మీద నిగనిగ లేనే లేదు.

"దీన్ని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీస్కపోతే ఏమైతదో తెల్సా బిడ్డా? ఖరీదుదారు గింత చేతిల పట్టుకొని దుమ్ముకాయ అంటడు. జెండా పాటల పలికే పై రేటు ఒకటి, మాకు పడే రేటు ఒకటి. దుమ్ము ఏడాదంత ఉంటది గానీ మమ్ముల ముంచేది ఈ రెండు నెలలే. ఈ రెండు నెలలు టిప్పర్ల మీద పట్టా కప్పుమనున్రి, పొద్దుగాల ఒకసారి మాపటికి ఒకసారి రోడ్డు తడుపుమనున్రి, మాకు ఇంకేం వద్దు. గేటు కాడ సెక్యూరిటీకి రెండేండ్ల సంది చెప్తున్నం."

చూడున్రి, సమస్య ఏంది, ఎక్కడ, ఏ నెలల, ఎంత నష్టం, ఏం చేస్తె పోతది, అన్నీ ఆమె నోట్లనే ఉన్నయి. ఏ కన్సల్టెంట్ ఇంత సాఫ్‌గ రాస్తడు? మా ఫారంల మాత్రం 'గాలి నాణ్యత' అని ఒక్క లైన్ ఉన్నది, దాని కిందనే ఏసుకోమన్నది మేడం. కంపెనీ రికార్డుల గాలి బాగనే ఉన్నది. సన్న దుమ్ముకు, అదే పీఎం 10 అంటరు గదా, దానికి దేశమంత ఉన్న పరిమితి 24 గంటల సగటున క్యూబిక్ మీటర్‌కు 100 మైక్రోగ్రాములు, గాలి కొలిచే వాళ్ల మిషన్ల అంతకు లోపటే వస్తున్నది. ఎందుకంటే మిషన్ ఉన్నది కాంపౌండ్ లోపట, మిర్చి ఎండుతున్నది బయట రోడ్డు పక్క. టిప్పర్లేమో కాంట్రాక్టరువి, అవి మావి కావు అంటరు. కాయితం మీద ఎవ్వరిదీ తప్పు లేదు, ఆమెకు మాత్రం ప్రతి బస్తా మీద రేటు కోస్తున్నరు.

ఆ వారంలనే నేను క్వారీ మేనేజర్‌కు నేరుగ చెప్పిన. మంచి మనిషి, ఆయనది కూడ వ్యవసాయ కుటుంబమే, మర్నాటి సంది ట్యాంకర్ పెట్టి రోడ్డు తడిపించిండు. మరుసటేడు మళ్ల పోయి చూస్తె ట్యాంకర్ లేదు. అడిగితె, రిపోర్టుల ప్రాధాన్య అంశాలల్ల అది రాలే, పై ఆఫీసు నుంచి బడ్జెట్ రాలే అన్నడు. మందికి ఇది అర్థం కాదు, ఈ మార్కులు, చుక్కలు అన్నీ ఉత్త కాయితాలు అనుకుంటరు. లిస్టుకెక్కిన దానికే పైసలు వస్తయి, మనిషిని పెడ్తరు, ఏటేటా లెక్క అడుగుతరు. ఎక్కనిది ఎవరో ఒక మంచి ఆఫీసర్ దయ మీద నడుస్తది, ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయితె అది కూడ పోతది.

ఇంకో అన్యాయం, సగటు తీసుడు. ఊరంత కలిసి దుమ్ముకు మూడు మార్కులు ఏస్తది, రోడ్డు పక్క కళ్లాలున్న కొన్ని ఇండ్లోళ్లు ఐదు ఏస్తరు, సగటు తీస్తె మూడు కాడికే వస్తది, ఆ ఇండ్లు మాయమైతయి. కంపెనీలు ఇసొంటి రిపోర్టులు ఎట్ల రాయాల్నో చెప్పే, ప్రపంచమంత వాడే జీఆర్ఐ నియమాలు 2021ల మార్చినప్పుడు, దెబ్బ ఎంత తీవ్రం, ఎంత దూరం పాకింది, సరిదిద్దొచ్చా లేదా చూడుమని సాఫ్‌గ రాసిన్రు. మంది ఎక్కువ మార్కులేసిన్రా అన్నది కొలత కాదు. అయినా మనకాడ ఇంక గా గ్రాఫే నడుస్తున్నది.

పబ్లిక్ హియరింగ్, అంటె ప్రజాభిప్రాయ సేకరణ, ఉంటది గదా అంటరు కొందరు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీస్ ఇయ్యాలె, కలెక్టర్ గానీ ఆయన పంపిన ఆఫీసర్ గానీ కూసోవాలె, అంతా వీడియో తియ్యాలె, బాగనే ఉన్నది. కానీ అది పర్మిషన్‌కు ముందటి ముచ్చట. క్వారీ నడిచే ఇన్నేండ్లల్ల రైతును ఎవరు అడుగుతరు? వాటర్ ప్లాంట్ పెట్టి రిబ్బన్ కట్ చేసుడు మాట్లాడుడు కింద లెక్క కాదు, రిపోర్టులల్ల ఆ ఫోటోలే ఏసి ఎంగేజ్‌మెంట్ అంటె నాకు రక్తం మరుగుతది. మనుషుల లెక్క కూడ అట్లనే. ములుగు జిల్లా కమలాపురం రేయాన్స్ ఫ్యాక్టరీ 2014ల ఆగిపోయినప్పుడు దెబ్బ ఎంత దూరం తాకిందో మంగపేట దిక్కు ఎవర్ని అడిగినా చెప్తరు, ఒక్క పర్మినెంట్ ఉద్యోగుల్ని లెక్కవెడ్తె ఆ దెబ్బ కనపడనే కనపడది.

ఇగ మీ ఊరి సంగతి. కంపెనీ స్టాక్ మార్కెట్ల లిస్టయి, మొదటి 1000 పెద్ద కంపెనీలల్ల ఉంటె, స్టాక్ మార్కెట్‌ను చూసుకునే సెబీ రూల్ ప్రకారం 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్టు, అంటె పర్యావరణం, సమాజం పట్ల కంపెనీ బాధ్యత చెప్పే రిపోర్టు, పెట్టాల్సిందే, నెట్ల దొరుకుతది. గ్రాఫ్ జోలికి పోకున్రి, రెండు టేబుళ్లు చూడున్రి. ఒకటి ఫిర్యాదుల టేబుల్, అండ్ల కమ్యూనిటీ వరుసల ఎన్ని వచ్చినయి, ఎన్ని పెండింగ్ ఉన్నయి అని ఉంటది. సున్నా అని ఉంటె, గేటు కాడ నోటితోని చెప్పినయి ఎవరూ రాసుకోలేదన్నట్టే. రెండోది ఎవరితోని, ఏ పద్ధతిల, ఎన్నిసార్లు మాట్లాడిన్రు, వాళ్లు బలహీన వర్గమా కాదా అని చెప్పే టేబుల్. మీ ఊరికి సున్నా కనపడ్తె, ఫిర్యాదు కాయితం మీద రాసి, నెల, నష్టం, ఏం చెయ్యాల్నో పెట్టి, ఊరోళ్లతోని సంతకాలు చేయించి, ఆఫీసుల ఇచ్చి రసీదు తీస్కోన్రి. రసీదు ఉన్న ఫిర్యాదును ఆ టేబుల్‌ల సున్నా అని రాసుడు కష్టం. పర్యావరణ అనుమతి ఉన్న ప్రాజెక్ట్ అయితె జూన్ 1కి, డిసెంబర్ 1కి షరతులు ఎట్ల పాటించిన్రో రిపోర్టు ఇయ్యాలె, అది కూడ అడగున్రి, దుమ్ముకు నీళ్లు కొట్టుడు షరతు అండ్ల ఉన్నదా చూడున్రి. ఉంటె సంతకాల కాయితంల ఆ షరతు నంబర్ కూడ రాయున్రి.