పూడిక గురించి రాసేముందు

కర్నూలు

అమ్మాయీ,

కిడ్నీ రక్తనాళాలు సన్నబడితే చేసే ఆపరేషన్ల మీద నువ్వు కడప నుంచి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ మొదటి పేరాలోనే ‘మహాధమని-మూత్రపిండ ధమని బైపాస్’ అన్నావు. మా ఆవిడ అక్కడే కాగితాలు పక్కన పెట్టేసింది. ఆమెకు బీపీ ఉంది, అంటే నీ పాఠకురాలు ఆమే.

బీపీ ఎందుకు పెరుగుతుందో ముందు చెప్పు. మీకు కర్నూలు-కడప (కేసీ) కాలువ తెలుసు కదా. మధ్యలో పూడిక పడితే, కాలువ మొదట్లోని సుంకేసుల బ్యారేజీలో నీళ్లు నిండుగా ఉన్నా చివరి ఆయకట్టు రైతు కరువొచ్చిందనే గోల పెడతాడు. కిడ్నీ కూడా అంతే. తనకు రక్తం తగ్గితే ఒళ్లంతా తగ్గిందనుకుని బీపీ పెంచే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది, బీపీ ఎగబాకుతుంది. 1934లో గోల్డ్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త కుక్కల కిడ్నీ నాళాలను క్లాంపుతో నొక్కి, బీపీ పెరగడం చూపించాడు.

ఇది పట్టుబడితే ఆపరేషన్లు వాటంతటవే అర్థమవుతాయి. కాలి సిరతో పక్కకాలువ వేస్తే బైపాస్. నాళం తెరిచి పూడిక తీస్తే ఎండార్టరెక్టమీ. గుండె నుంచి వచ్చే పెద్ద నాళం, అంటే మహాధమనే పాడై ఉంటే ఎడమ కిడ్నీకి ప్లీహం నాళం నుంచి, కుడిదానికి కాలేయం నాళం నుంచి రక్తం మళ్లిస్తారు. నాళం కొమ్మల దాకా చెడితే కిడ్నీనే బయటికి తీసి, చల్లగా ఉంచి, బాగుచేసి పొత్తికడుపులో అమరుస్తారు. ఇంత వింతను నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు! ముడుచుకుపోయి, పని మానేసి, బీపీ మాత్రం పెంచే కిడ్నీని తీసేయడమూ ఉంది.

‘ఆపరేషనే శాశ్వత పరిష్కారం’ అన్న వాక్యం మాత్రం కొట్టేయ్. వయసులో నేనూ అలాగే రాశాను. నంద్యాల వైపు నుంచి ఒక పెద్దాయన ఆ పేపర్ కటింగ్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ‘ఎద్దులమ్మి డబ్బు తెస్తా సార్, ఎక్కడ చేస్తారు?’ అన్నాడు. ఆయన బీపీ మాత్రలతోనే అదుపులో ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

కొవ్వు పేరుకుని నాళం సన్నబడినవాళ్లలో, మందులకు స్టెంట్ (నాళం తెరిచి ఉంచడానికి లోపల పెట్టే జల్లెడ గొట్టం) తోడైనా మొత్తం మీద అదనపు లాభం కనిపించలేదని 2014లో వచ్చిన కోరల్ అధ్యయనం చెప్పింది. ఎన్ని మందులు వాడినా బీపీ దిగనివాళ్లకు, ఉన్నట్టుండి ఊపిరితిత్తుల్లో నీరు చేరేవాళ్లకు స్టెంట్ ఆలోచిస్తారు. కొవ్వు వల్ల కాక నాళం గోడే అడ్డదిడ్డంగా పెరిగి సన్నబడే జబ్బు ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా ఎక్కువగా ఆడవాళ్లలో వస్తుంది, అక్కడ సంగతి వేరు. చాలామందికి స్టెంట్ లేకుండా, నాళంలో బెలూన్ ఉబ్బించి వెడల్పు చేస్తేనే పని జరుగుతుంది. ఇవి కుదరనప్పుడే కత్తి. నీ వ్యాసంలో వరుస తిరగబడింది.

మళ్లీ రాసి నాకే పంపు. మా ఆవిడ చివరిదాకా చదివాకే పత్రికకు.