రాయితీ ఎప్పుడు తప్పవుతుంది?

ప్రశ్న: ఎక్కువ సరుకు కొన్నవారికి ధర తగ్గించి ఇవ్వడం ఏ వ్యాపారంలోనైనా ఉన్నదే. కంప్యూటర్ తయారీదారులకు రాయితీలు ఇచ్చినందుకు చిప్‌ల తయారీ సంస్థ ఇంటెల్‌పై యూరప్‌లో అంత పెద్ద జరిమానా ఎందుకు వేశారు? తర్వాత కోర్టు దాన్ని కొట్టివేసిందని కూడా చదివాను. ఇంతకూ ఆ సంస్థ తప్పు చేసినట్టా, చేయనట్టా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రాయితీ ఇవ్వడాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. దానికి తగిలించిన షరతు దగ్గరే పేచీ వచ్చింది. 2009 మే నెలలో యూరోపియన్ యూనియన్‌లో పోటీ చట్టాన్ని అమలు చేసే యూరోపియన్ కమిషన్ ఇంటెల్‌పై 106 కోట్ల యూరోల జరిమానా విధించినప్పుడు ప్రధానంగా చెప్పిందేమంటే, తమకు కావలసిన ప్రాసెసర్లన్నీ (కంప్యూటర్‌ను నడిపే ప్రధాన చిప్‌లు) లేదా దాదాపు అన్నీ ఇంటెల్ దగ్గరే కొనాలన్న షరతు మీద 2002 నుంచి 2007 వరకు కొందరు తయారీదారులకు రాయితీలు అందాయని. హెచ్‌పీ వ్యాపార డెస్క్‌టాప్‌లలో 95 శాతం ఇంటెల్ చిప్‌లతోనే రావాలన్నది అందులో ఒకటి.

ఈ షరతు ఎందుకు ప్రమాదకరమో ఒక ఊహా లెక్కతో చూద్దాం. మీరు ఏడాదికి 1,000 చిప్‌లు కొంటారు, ఒక్కొక్కటి పది వేల రూపాయలు. అన్నీ తన దగ్గరే కొంటే పెద్ద కంపెనీ పది శాతం తగ్గిస్తుంది కనుక మీకయ్యే ఖర్చు 90 లక్షలు. మీ ఖాతాదారులు ఆ బ్రాండే అడుగుతారు కాబట్టి 800 చిప్‌లు ఎలాగూ అక్కడే కొనక తప్పదు. మిగతా 200 చిన్న కంపెనీ దగ్గర తీసుకున్నారంటే, ఆ 800 మీద రావలసిన రాయితీ కూడా పోయి, వాటికే 80 లక్షలు కట్టాలి. మీకు నష్టం రాకుండా ఉండాలంటే చిన్న కంపెనీ ఆ 200 చిప్‌లనూ పది లక్షలకే, అంటే ఒక్కొక్కటి ఐదు వేలకే ఇవ్వాలి. దాని చిప్ ఎంత మేలైనదైనా, సగం ధరకు అమ్మితే తప్ప గుమ్మం లోపలికి అడుగుపెట్టలేదు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. ఇంటెల్‌కు పోటీగా చిప్‌లు చేసే ఏఎండీ ఒక తయారీదారుకు పది లక్షల ప్రాసెసర్లు ఉచితంగా ఇస్తామన్నా, ఆ సంస్థ 1,60,000 మాత్రమే తీసుకుందని కమిషన్ వెల్లడించింది. అన్నీ తీసుకుంటే ఇంటెల్ రాయితీ పోయి మొత్తం మీద నష్టమే మిగిలేదట. ఉచితంగా వచ్చే సరుకును కూడా కాదనవలసి వచ్చిందంటే ఆ షరతు బలం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇక కోర్టుల సంగతి. 2014లో యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు జరిమానాను సమర్థించింది. 2017లో పై కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, అంతే సమర్థత గల పోటీదారును ఈ రాయితీలు నిజంగా బయటికి నెట్టగలవా అన్నది లెక్కలతో పరిశీలించవలసిందేనంది. జనరల్ కోర్టు మళ్లీ చేసిన ఆ పరిశీలనలో కమిషన్ విశ్లేషణ నిలవలేదు, 2022లో జరిమానా రద్దయింది. కమిషన్ అప్పీలు చేసినా 2024లో ఓడిపోయింది. అయితే, రాయితీలు నిర్దోషమైనవని కోర్టు చెప్పలేదు, వాటి ప్రభావాన్ని కమిషన్ సరిగా రుజువు చేయలేదని మాత్రమే చెప్పింది. ఈ తేడాను వార్తల శీర్షికలు సాధారణంగా మింగేస్తాయి.

పైగా కేసులో మరో భాగం చెక్కుచెదరలేదు. ఏఎండీ చిప్‌లున్న కొన్ని కంప్యూటర్ల విడుదలను ఆపడానికో, ఆలస్యం చేయడానికో హెచ్‌పీ, ఏసర్, లెనోవోలకు చెల్లింపులు జరిగాయన్న ఆరోపణ అది. దీనికి రాయితీ అన్న ముసుగు కూడా లేదు. దీనికే 2023లో కమిషన్ మళ్లీ సుమారు 37.6 కోట్ల యూరోల జరిమానా వేసింది. కనుక మీ ప్రశ్నకు నా జవాబు: రాయితీల విషయంలో నేరం రుజువు కాలేదు, చెల్లింపుల విషయంలో తప్పు జరిగిందనే తేల్చారు.

ప్రశ్న: నాది చిన్న కంప్యూటర్ దుకాణం. మన దేశంలో ఇటువంటి ఫిర్యాదులు వినే వ్యవస్థ ఉందా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉంది. పోటీ చట్టం 2002లోని 4వ సెక్షన్ కింద, ఆధిపత్య స్థానాన్ని దుర్వినియోగం చేసే సంస్థలపై కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా విచారణ జరిపించవచ్చు. మీ దుకాణానికి దగ్గరి ఉదాహరణ కూడా ఒకటుంది. పెట్టెలో విడిగా అమ్మే ఇంటెల్ ప్రాసెసర్లకు భారత్‌లో వారంటీ కావాలంటే, వాటిని ఇక్కడి అధీకృత పంపిణీదారుల వద్దే కొని ఉండాలని 2016లో ఆ సంస్థ నిబంధన పెట్టింది. అసలైన సరుకునే విదేశాల నుంచి దిగుమతి చేసుకుని అమ్మే వ్యాపారికి దీనితో దారి మూసుకుపోయినట్టయింది, ఎందుకంటే వారంటీ లేని చిప్‌ను ఏ కొనుగోలుదారు తీసుకుంటాడు? ఒక వ్యాపార సంస్థ ఫిర్యాదుపై కమిషన్ 2019లో విచారణకు ఆదేశించింది. ఆధిపత్యం ఉండటం నేరం కాదని, దాన్ని వాడిన తీరుకే లెక్క అడుగుతారని గుర్తుంచుకుని, మీ ఫిర్యాదులో షరతు ఉన్న కాగితం, బిల్లులు, ఉత్తర ప్రత్యుత్తరాలు జతచేయండి.