లేహ్‌లో మొదటి రెండు రోజులు

చిరంజీవి లావణ్యకు,

బ్యాంకు వాళ్ళు నిన్ను లేహ్‌కు బదిలీ చేశారని, వచ్చే నెలే బయలుదేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. పాలమూరు పిల్ల అంత దూరం వెళ్ళి ఉద్యోగం చేయబోతున్నదంటే నా మనసు పొంగిపోయింది. వెళ్ళవద్దని చెప్పడానికి రాయడం లేదు. కానీ చేరిన మర్నాడే ఖర్దుంగ్ లా కనుమ చూసొస్తానని అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మహబూబ్‌నగర్ ఎత్తు దాదాపు 500 మీటర్లు. లేహ్ 3,500 మీటర్లు. ఆ కనుమ 5,300 మీటర్లు దాటుతుంది. విమానం దిగిన మర్నాడే ఒంటిని అక్కడికి ఎక్కిస్తావా? ఎవరు చెప్పారు నీకు ఈ తెలివి?

చలి కోట్లు అక్కడే దొరుకుతాయి. నల్ల కళ్ళద్దాలు మరిచిపోకు, ఎండ కళ్ళను మాడ్చేస్తుంది. ప్రెషర్ కుక్కర్ మాత్రం ఇక్కడి నుంచే తీసుకెళ్ళు. నీళ్ళు అక్కడ 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో ఎంతసేపు ఉడికించినా మెతుకు నడుమ పలుకు మిగిలిపోతుంది, కందిపప్పు మెదగనే మెదగదు. చలికాలంలో గది వెచ్చబెట్టే పొయ్యి, బుఖారీ అంటారు, అది వెలిగించి కిటికీలన్నీ బిగించి పడుకోకు, ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

ఇక అసలు సంగతి. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ. ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు ఇక్కడి దానిలో మూడింట రెండు వంతులే. ఒళ్ళు దానికి అలవాటు పడడానికి రోజులు పడుతుంది, కండబలం ఉంటే త్వరగా అలవాటవుతుందని ఏమీ లేదు.

నేను సైన్యంలో ఉన్నప్పుడు అచ్చంపేట వైపు కుర్రాడు ఒకడు మాతో ఉండేవాడు. కబడ్డీలో వాణ్ణి పట్టినవాడు లేడు. సెలవు ముగించుకుని విమానంలో లేహ్‌కు వచ్చిన రోజే, విశ్రాంతి తీసుకోమన్నా వినకుండా, తోటివాళ్ళ ట్రంకు పెట్టెలు కూడా భుజాన వేసుకుని గట్టెక్కించాడు. సాయంత్రానికి తలనొప్పి. అన్నం సహించలేదు. నలుగురూ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. మర్నాడూ పనికి వెళ్ళాడు. ఆ రాత్రి పక్క మంచం మీద దగ్గు విని లేచాను. వెల్లకిలా పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లాంతరు దగ్గర పెట్టి చూస్తే పెదవులు నీలిరంగుకు తిరిగాయి, ఛాతీలో గురగుర వినిపిస్తోంది. ‘ఏం లేదన్నా, పడిశం’ అన్నాడు, ఆ రెండు మాటలకే ఆయాసపడుతూ. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెప్పారు. తెల్లవారగానే చండీగఢ్‌కు విమానంలో దించారు కాబట్టి బతికాడు. తలనొప్పి మొదలైనప్పుడే చెప్పి ఉంటే ఆ రాత్రి వచ్చేదే కాదు.

నువ్వూ ఆ రకమే తల్లీ. చిన్నప్పుడు కురుమూర్తి జాతరకు తీసుకెళ్ళమేమోనని ఒళ్ళు కాలిపోతున్నా జ్వరం దాచినదానివి. అది తలచుకునే ఇంత కోపం వస్తోంది.

ఇంటి విషయం కూడా చెప్పాలి. హిమాలయాలు రుతుపవనాలకు అడ్డు నిలవడం వల్ల లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసేది 100 మిల్లీమీటర్లే. ఇక్కడ ఒక్క గట్టి వానకు పడేంత. పంటలకు మంచు కరిగిన నీళ్ళే ఆధారం. చెవాంగ్ నార్ఫెల్ అనే ఇంజనీరు చలికాలంలో వృథాగా పోయే నీటిని మళ్ళించి, గడ్డకట్టించి, విత్తనాల వేళకు కరిగి పారేలా చేశాడు. 2015లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కుంటలు, చెరువుల మీద బతికిన మన పెద్దలు చూసి ఉంటే చేతులెత్తి దండం పెట్టేవారు. వానే లేని ఊరు కదా అని ఎండిన వాగు పక్కన ఇల్లు తీసుకోకు. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి మేఘం బద్దలైతే, చెట్టన్నది లేని ఆ కొండల మీది నుంచి బురద, బండరాళ్ళు ఊరి మీద పడ్డాయి. 200 మందికి పైగా పోయారు. లేహ్ పక్కనున్న చోగ్లమ్‌సర్‌లో ఇళ్ళకు ఇళ్ళే పూడిపోయాయి. చెరువు శిఖంలో ఇల్లు కట్టుకున్నవాళ్ళ పాట్లు నీకు తెలుసు. అద్దె వెయ్యి ఎక్కువైనా సరే, మిట్ట మీద చూసుకో.

చేరాక రెండు రోజులు గది దాటకు. ఏ మందు ముందుగా వేసుకోవాలో బయలుదేరకముందే డాక్టరును అడుగు. ఆయాసం వస్తే ఆసుపత్రికి వెళ్ళు, దిగిపొమ్మంటే సెలవు కోసం చూడకుండా దిగు. ఖర్దుంగ్ లా వారం తర్వాత చూడు. రెండో రోజు రాత్రి నేనే ఫోను చేస్తాను. తలనొప్పి ఉందా అని అడుగుతాను. ఉంటే ఉందని చెప్పు బిడ్డా.

మీ పెద్దనాన్న