గాలి ఎటు వీస్తోందో ముందు చూడు

వేళచ్చేరి, చెన్నై
ధనుర్మాసం

నాయనా చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ రాత్రి కంప్యూటర్లో పెద్దవి చేసి చూశాను. సగం వాటిలో కొంగ తోక ఉంది, తల ఫ్రేము దాటిపోయింది. మిగతావాటిలో పిట్ట మసకగా ఉండి, వెనకున్న జమ్ము మాత్రం చక్కగా వచ్చింది. "లెన్స్ తేడాగా ఉందత్తా, మార్చేయనా" అని అడిగావు. మార్చొద్దు. ఆ 150-600 ఎంఎం జూమ్ లెన్స్ మంచిదే, నేనూ అలాంటిదాంతోటే తీస్తున్నాను. నువ్వు పిట్ట లేచాక కెమెరా ఎత్తుతున్నావు, చిక్కంతా అక్కడే ఉంది. ఎగిరే పిట్ట ఫోటో అది ఎగరకముందే సగం అయిపోవాలి. ఎలాగో నాకు తెలిసినంతలో రాస్తాను, నిదానంగా చదువు.

ముందు గాలి సంగతి. పెద్ద పిట్టలు గాలికి ఎదురుగా లేస్తాయి, దిగేటప్పుడూ గాలికి ఎదురుగానే దిగుతాయి. నీ వీపుకి గాలి తగిలేలా నిలబడితే పిట్ట నీ వైపు ముఖం పెట్టి లేస్తుంది. గాలి నీ ముఖానికి కొడుతుంటే నీకు దక్కేది తోకే. నీ ఫోటోలన్నీ తోకలు కావడానికి కారణం ఇదే అయ్యుంటుంది. ఎండ కూడా వీపు మీదే ఉంటే మరీ మంచిది. ఆ రెండూ కలిసొచ్చే కాలం మనకి ఇదే. ఈశాన్యపు గాలి వీస్తున్న రోజున పొద్దున్నే పడమర ముఖంగా నిలబడ్డావంటే ఎండా, గాలీ రెండూ వెనకే ఉంటాయి. అదే మే నెల సాయంత్రం వెళ్లావనుకో, సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది, ఎండ పడమట ఉంటుంది. ఒకదాన్ని వెనక పెట్టుకుంటే రెండోది ముఖాన కొడుతుంది. అలాంటప్పుడు ఉత్తరానికో దక్షిణానికో తిరిగి, పిట్ట పక్కవాటుగా పోయేలా చూసుకోవాలి. గాలి తెలియకపోతే నీళ్లలో నిలబడ్డ కొంగలని చూడు. గాలి ఉన్న రోజు అన్నీ దాదాపు ఒకే వైపు ముఖం పెట్టుకుని ఉంటాయి. గాలి అటునుంచే వస్తోందన్నమాట.

నిలబడే చోటు కుదిరాక పిట్టనే చూస్తూ ఉండు. ఎర్రకాళ్ల కొంగ లేవబోయే ముందు ఒంటిని ముందుకి వాలుస్తుంది, మెడ సాగదీస్తుంది, కాళ్లు కాస్త మడుస్తుంది. చాలాసార్లు దానికి క్షణం ముందు రెట్ట వేస్తుంది. అది చూసిన వెంటనే కెమెరా కంటికి రావాలి. గూడబాతు అలా ఉన్నపళంగా లేవలేదు. రెండు కాళ్లూ కలిపి నీళ్లని తంతూ కొంతదూరం పోయి అప్పుడు పైకి తేలుతుంది. ఆ నీటి చిందులు చుక్కలు చుక్కలుగా వెనకే వరసగా లేస్తాయి. ఫ్లెమింగో అయితే నీళ్ల మీద పరుగు తీస్తుంది. నిలబడి ఉన్నప్పుడు దాని రెక్కల్లో దాగిన గులాబీ రంగు, నల్లటి అంచు అప్పుడే బయటపడతాయి. ఇవన్నీ తెలిస్తే నీకు ఒకటి రెండు సెకన్లు ముందే కబురందుతుంది.

ఇప్పుడు జూమ్. నువ్వు మొదటి నుంచీ 600 దగ్గరే పెట్టుకుంటున్నావు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో, అంటే పెద్ద సెన్సర్ ఉన్నదాంట్లో, 600 దగ్గర, 50 మీటర్ల దూరంలో నీకు పట్టేది అటూ ఇటూ కలిపి 3 మీటర్ల ముక్కే. ఎర్రకాళ్ల కొంగ రెక్కలు చాస్తే మీటరున్నర ఉంటుంది. అది సెకనుకి 10 మీటర్లు పోతోందనుకో, మూడు మీటర్లు దాటడానికి దానికి పట్టేది సెకనులో మూడో వంతు. అంతలో నువ్వు దాన్ని వెతికి ఎలా పట్టుకుంటావు? ముందు 300 దగ్గర పెట్టు. పిట్ట ఫ్రేములోకి వచ్చి నీతో పాటు కదులుతున్నప్పుడు మెల్లగా ముందుకి తిప్పు. రెండు కళ్లూ తెరిచే ఉంచు. చూపు పిట్ట మీదే నిలిపి, కెమెరాని కంటి దగ్గరికి తెచ్చుకోవాలి. కంటిని కెమెరా దగ్గరికి తీసుకెళితే పిట్ట పోతుంది.

షట్టర్ స్పీడ్, అంటే ఫోటో కోసం కెమెరా తలుపు తెరుచుకుని ఉండే సమయం, అదీ ఇదే లెక్క. సెకనుకి 10 మీటర్లు పోయే పిట్ట సెకనులో 1/500 వంతులో 2 సెంటీమీటర్లు జరుగుతుంది, 1/2000లో అర సెంటీమీటరే జరుగుతుంది. రెక్క కొస అంతకన్నా వేగంగా కదులుతుంది. అందుకని 1/2000 కంటే నెమ్మదిగా పెట్టకు. గూడబాతులాంటి నిదానమైన పిట్టకి 1/1250 చాలు. దానికోసం ఐఎస్ఓ, అంటే వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 800కో 1600కో పోయినా భయపడకు. అందువల్ల గింజల్లా చుక్కలు పడ్డ ఫోటోని తర్వాత సర్దుకోవచ్చు, కదిలిపోయినదాన్ని ఎవరూ బాగుచేయలేరు.

వెలుగు కొలత దగ్గర నువ్వు ఆటోని నమ్ముతున్నావు. తెల్ల కొంగ ఆకాశం ముందు నుంచి చీకటి చెట్ల ముందుకి వచ్చిందనుకో. కొంగ మీద పడే ఎండ రవ్వంత కూడా మారలేదు. కెమెరా మాత్రం వెనకున్న చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది. కొంగ సున్నం కొట్టిన గోడలా అయిపోయి ఒక్క ఈక గీత కూడా మిగలదు. అందుకని మాన్యువల్‌లో, అంటే కొలత నువ్వే నిర్ణయించేలా, పెట్టుకో. ఎండలో కూర్చున్న తెల్ల కొంగని రెండు మూడు సార్లు తీసి చూడు. దాని తెలుపు పేలిపోకుండా ఆగిన చోట ఐఎస్ఓని అలాగే వదిలెయ్. ఇక పిట్ట ఎక్కడికి పోయినా కొలత కదలదు. పొద్దున వెలుగు పెరుగుతూ ఉంటుంది కాబట్టి పావుగంటకోసారి సరిచూసుకుంటే చాలు. అదే కొలత గరుడ పక్షికీ సరిపోతుంది. ఒళ్లంతా ఇటుక రంగు, తలా రొమ్మూ తెలుపు. మా అమ్మ ఆకాశంలో గరుడ పక్షి కనిపిస్తే చేతిలో పని ఆపి దండం పెట్టుకునేది. ఆ తెల్లటి తలలో ఈకలు విడివిడిగా కనిపించే ఫోటో తీయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఫోకస్ గురించి రెండు మాటలు. నిరంతరం వెంటాడే ఆటోఫోకస్ పెట్టుకో, ఒక్క ఫోకస్ చుక్క కాకుండా మధ్యలో చుక్కల చిన్న గుంపు ఎంచుకో. మిర్రర్‌లెస్ కెమెరా కాబట్టి పిట్ట కన్ను వెతికే సదుపాయం ఉంటుంది, దాన్నీ ఆన్ చెయ్. లెన్స్ పక్కన దూరం స్విచ్ ఉంది చూడు, దాన్ని దూరం వైపుకి నెట్టు. అప్పుడు లెన్స్ దగ్గరున్న రెల్లు వెనకాల పడి పోదు.

పాదాలని పిట్ట చివరికి చేరే వైపు ముందే తిప్పి నిలబడు. నడుము మెలితిప్పి మొదలుపెడితే, పిట్టతో పాటు తిరిగేటప్పుడు మెలి విడుతూ వస్తుంది, చెయ్యి అదరదు. ఎడమ చెయ్యి లెన్స్ కింద బాగా ముందుకి ఉండాలి, మోచేతులు డొక్కకి ఆనాలి. లెన్స్ దాదాపు 2 కిలోలుంటుంది కాబట్టి పిట్ట లేని సమయంలో కిందికి దించెయ్. రోడ్డు పక్క కమ్మీకి మాత్రం ఆనించకు, లారీ పోయినప్పుడల్లా అదురుతుంది.

సాధన ఎక్కడంటే, మీ షోళింగనల్లూరు మేడ మీదే. పది రోజులు కాకులనీ పావురాలనీ తియ్యి. ఎన్ని వేల సార్లు తప్పినా అవి మళ్లీ వస్తాయి. ఆ తర్వాత నలుపు తెలుపు లకుముకి పిట్ట. అది నీళ్ల పైన ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి, తల వంచి చేపని చూసి, నిటారుగా దూకుతుంది. ఎగిరే పిట్టల్లో నేర్చుకోవడానికి అంత అనువైనది ఇంకొకటి లేదు. అందుకు వేడంతాంగల్ పక్షుల అభయారణ్యం దాకా పరిగెత్తనక్కర్లేదు. 2022లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కిన పళ్లికరణై చిత్తడి నేల నీ ఆఫీసుకి కూతవేటు దూరంలో ఉంది. సంక్రాంతికి నెల్లూరు వెళ్లేటప్పుడు సూళ్లూరుపేట దగ్గర ఆగి పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం చూద్దువు గాని.

ఎండెక్కాక మాత్రం తీయకు. తొమ్మిది దాటితే బురద నుంచి, తారు రోడ్డు నుంచి లేచే వేడి గాలి పిట్టకీ నీకూ మధ్య నీళ్లలా ఆడుతుంది. లెన్స్ ఎంత ఖరీదైనదైనా దాని గుండా సూటిగా చూడలేదు. నువ్వు పంపినవాటిలో పది పదిన్నరకి తీసినవన్నీ అందుకే మెత్తబడ్డాయి.

ఇక చిన్నా, ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. నేను మొదలుపెట్టిన రెండో ఏడు, ఒక ఊరి చెరువులో నత్తగుల్ల కొంగలు గూళ్లు పెట్టాయి. ఇంకో నాలుగడుగులు, ఇంకో నాలుగడుగులు అనుకుంటూ చెట్టు దాకా వెళ్లాను. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. నేను ఆబగా బటన్ నొక్కుతూనే ఉన్నాను. కెమెరా దించేసరికి కాకులు గూళ్లలో ఉన్నాయి. ఒకటి నా ఎదురుగానే గుడ్డుని ముక్కున కరుచుకుని పోయింది. ఆ రోజు ఫోటోలు బాగా వచ్చాయి. ఒక్కటీ ఉంచుకోలేదు, ఇంటికొచ్చి అన్నీ తీసేశాను. 1972 వన్యప్రాణి చట్టం అడవి పక్షుల గూళ్లనీ గుడ్లనీ చెదరగొట్టడాన్ని వేట కిందే లెక్కేస్తుంది. నాకు ఆ సంగతి అప్పటికి తెలియదు, తెలిసినా ఆగేదాన్నో లేదో చెప్పలేను. నువ్వు ఆగాలి. పిట్ట తినడం మానేసి తలెత్తి నీ వైపు చూసిందంటే అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లావని గుర్తు, వెనక్కి వచ్చెయ్. రాయి వేసి, చప్పట్లు కొట్టి లేపే వాళ్లు పక్కన ఉంటే మొహమాటపడకుండా వద్దని చెప్పు. నువ్వు కదలకుండా అరగంట కూర్చుంటే ఏదో ఒకటి తనంతట తనే లేస్తుంది.

ఆదివారం పొద్దున అయిదున్నరకి మా ఇంటికి వచ్చెయ్, కాఫీ తాగి బయల్దేరదాం. శనివారం రాత్రి కెమెరాని ఏసీ గదిలో పెట్టకు, హాల్లో ఉంచు. ఏసీలోంచి మన చెన్నై తేమలోకి తీస్తే అద్దం మంచు పట్టి, అది విడేలోపు తెల్లారిపోతుంది. బ్యాటరీ రెండోది తెచ్చుకో. లెన్స్‌కి సిలికా జెల్ పొట్లాలున్న డబ్బా నేను ఇస్తాను, ఇక నుంచి అందులోనే పెట్టు, ఈ ఊళ్లో బూజు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. అమ్మని అడిగానని చెప్పు.

మీ అత్త